ఈయన ఆకాశం వేసే రోజు పలకరించొద్దు

1820 ప్రాంతంలో, డ్రెస్డెన్‌లోని ఒకింట్లో, వచ్చినవాళ్లకి ఇల్లాలు ఒక మాట చెప్పేదట: ఈయన ఆకాశం వేస్తున్న రోజు మాత్రం ఎవరూ పలకరించకూడదు. ఆవిడ పేరు కారొలీన్, "ఈయన" జర్మన్ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్. రాతి కొన మీద నిలబడి, కింద పరుచుకున్న పొగమంచుని చూస్తూ మనకి వీపు మాత్రమే చూపించే కోటు మనిషి బొమ్మని మీరు ఎక్కడో చూసే ఉంటారు, పుస్తకం అట్ట మీదో, ఎవరి వాట్సాప్ డీపీలోనో. అది ఈయన వేసిందే.

పుట్టింది 1774లో, బాల్టిక్ సముద్రం ఒడ్డున గ్రైఫ్స్‌వాల్డ్‌లో. ఆ ఊరు అప్పట్లో స్వీడన్ రాజు ఏలుబడిలో ఉండేది. నాన్నది కొవ్వొత్తులు, సబ్బుల తయారీ. ఏడేళ్లకే అమ్మ పోయింది, పదమూడేళ్లప్పుడు తమ్ముడు మంచు పగిలి నీళ్లలో మునిగిపోయాడు. కోపెన్‌హాగన్ అకాడమీలో చదువుకుని 1798లో డ్రెస్డెన్ చేరాడు, 1840లో చనిపోయేదాకా అక్కడే.

ఈయన పనిచేసే గదిని మిత్రుడు కెర్స్టింగ్ 1811లో బొమ్మ వేసి పెట్టాడు. ఒక ఈజిల్ (బొమ్మ నిలబెట్టే చట్రం), ఒక కుర్చీ, ఒక బల్ల, గోడకి వేలాడే టీ-స్క్వేర్ (గీతలు గీసే T ఆకారపు బద్ద) లాంటి కొద్దిపాటి పనిముట్లు. అంతే. కిటికీ కింది భాగం చెక్కతో మూసేసి ఉంటుంది, వెలుతురు పైనుంచే రావాలి. అంటే కొండల్నీ సముద్రాన్నీ వేసే మనిషి, బయటి దృశ్యం కంట పడకుండా కిటికీ మూసుకుని కూర్చున్నాడు! చూసి రాసుకోవడం అంతా ముందే అయిపోయేది. ఊళ్లు తిరుగుతూ పెన్సిల్‌తో ఒక చెట్టు, ఒక బండ గీసుకుని పక్కన తేదీ వేసుకునేవాడు, ఏళ్ల తర్వాత ఇంట్లో కూర్చుని వాటిని ఒకచోట చేర్చేవాడు. ఆ కోటు మనిషి నిలబడ్డ బండ కూడా అలాంటిదే, 1813లో ఎల్బే నది దగ్గరి ఇసుకరాతి కొండల్లో గీసుకున్నది. బొమ్మ తయారైంది 1818 ప్రాంతంలో. వెనకున్న కొండలు వేరే వేరే చోట్లవి.

ఆ బండకీ బొమ్మకీ మధ్యలో, 1815 ఏప్రిల్‌లో, ఇండోనేషియాలో టాంబోరా అగ్నిపర్వతం పేలింది. చరిత్రకి తెలిసిన విస్ఫోటాల్లో అత్యంత పెద్దవాటిలో అదొకటి. బూడిద త్వరగానే కిందికి రాలిపోతుంది, చిక్కంతా దానితోపాటు పైకి పోయే సల్ఫర్ డయాక్సైడ్‌తో. వానమబ్బుల కంటే చాలా ఎత్తున అది సల్ఫ్యూరిక్ ఆమ్లపు సన్నటి తుంపరగా మారి నెలలు, ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది, ఎందుకంటే కడిగేయడానికి అంత ఎత్తులో వాన ఉండదు. అది ఎండని కొంత ఆపేస్తుంది, అందుకే 1816లో యూరప్‌కి వేసవే రాలేదు, పంటలు పోయాయి. ఇక సాయంత్రం, మనకి సూర్యుడు కుంగిపోయాక కూడా ఆ ఎత్తున ఎండ తగులుతూనే ఉంటుంది కాబట్టి, పడమర చాలాసేపు నారింజ, ఊదా రంగుల్లో వెలుగుతూ ఉంటుంది. (1883లో క్రాకటోవా పేలిన కొన్నాళ్లకి మద్రాసులో సూర్యుడు ఆకుపచ్చగా కనిపించాడు. ఇదీ అలాంటి తమాషాయే.)

2007లో గ్రీస్ శాస్త్రజ్ఞులు కొందరు దీన్ని పట్టుకున్నారు. 1500 నుంచి 1900 మధ్య వేసిన 500కు పైగా సూర్యాస్తమయం బొమ్మలు తీసుకుని, దిగంతం దగ్గర ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత అని కంప్యూటర్‌తో లెక్కగట్టారు. పెద్ద విస్ఫోటాల తర్వాతి మూడేళ్లలో వేసిన బొమ్మల్లో ఎరుపు పాలు పెరిగిందని తేల్చారు. ఆ జాబితాలో ఫ్రీడ్రిష్ ఉన్నాడు.

చదవగానే భలే అనిపించింది. కానీ ఈయన విషయంలో నాకు అనుమానమే. 1818 నాటి బొమ్మ ఒకటుంది, ఇంచుమించు ఏ4 కాగితమంత చిన్నది. ఒకావిడ చేతులు కాస్త చాచి వెలుగుకి ఎదురుగా నిలబడి ఉంటుంది, ఆకాశమంతా పసుపూ నారింజా. ఆ సూర్యుడు ఉదయిస్తున్నాడా, అస్తమిస్తున్నాడా అన్నదే నిపుణులు ఇంకా తేల్చుకోలేదు! కిటికీ మూసుకుని వేసే మనిషి ఆకాశం ఏ రోజుదో ఎలా చెప్తాం? వందల బొమ్మల సగటులో ఏదో తేలిందంటే సరే, ఒక్క బొమ్మని పట్టుకుని ఇదిగో టాంబోరా అంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఇలాంటి పేచీ ఆయన బతికుండగానే వచ్చింది. ల్యూక్ హోవర్డ్ అనే ఇంగ్లీషాయన మబ్బుల్ని సిర్రస్, క్యుములస్, స్ట్రాటస్ అని విడగొట్టి పేర్లు పెట్టాడు, మన వాతావరణ శాఖ ఇవాళ్టికీ వాడేది ఆ పేర్లే. జర్మన్ మహాకవి గోథేకి అది తెగ నచ్చేసి, ఆ పద్ధతిలో మబ్బుల బొమ్మలు వేసిపెట్టమని 1816లో ఫ్రీడ్రిష్‌ని అడిగించాడు. అంతటి గోథే అడిగితే ఎవరైనా ఎగిరి గంతేస్తారు. ఈయన కుదరదన్నాడు. స్వేచ్ఛగా తిరిగే మబ్బుల్ని అరల్లో సర్దితే ప్రకృతి చిత్రకళకి పునాదే కదిలిపోతుందని ఆయన భయం.

రంగు కొలతలకి ఇంకో అడ్డంకి కూడా ఉంది. ఆయన ఆకాశాలకి వాడిన నీలాల్లో స్మాల్ట్ ఒకటి, అంటే కోబాల్ట్ కలిపి కరిగించిన గాజుని నూరిన పొడి. డ్రెస్డెన్ ఉన్న సాక్సనీ ప్రాంతం దాని తయారీకి పేరుపొందింది. నూనెరంగులో ఏళ్లు గడిచేకొద్దీ ఆ గాజులోంచి పొటాషియం బయటికి జారిపోతుంది, దాంతో కోబాల్ట్ నీలం చెడి బూడిదరంగుకి తిరుగుతుంది. కాబట్టి స్మాల్ట్ వాడినచోట ఇవాళ మనకి కనబడే రంగు ఆయన పూసినప్పటి రంగే అనుకోవడానికి లేదు.

బెర్లిన్‌లో ఉన్న "సముద్రం ఒడ్డున సన్యాసి" బొమ్మ 1810లో అక్కడ ప్రదర్శనకి పెట్టినప్పుడు పెద్ద దుమారమే రేపింది, చివరికి ప్రష్యా రాజే కొనుక్కున్నాడు. బొమ్మంతా ఆకాశమే, అడుగున చారెడు సముద్రం, ఇసుకలో చీమంత మనిషి. మొన్న 2010లలో దాన్ని బాగుచేసేటప్పుడు ఇన్‌ఫ్రారెడ్ కెమెరా పెడితే, రంగు కింద గీతలు బయటపడ్డాయి. ఓడలు. సముద్రం మీద ముందు ఓడలు గీసుకుని, తర్వాత వద్దనుకుని ఆకాశంతో కప్పేశాడు.