పెట్టడం కన్నా పీకడమే కష్టం

పాత తరహా వెడల్పాటి యూఎస్‌బీ ప్లగ్ లోపలికి ఒకసారి తొంగి చూడండి. నాలుగు లోహపు పట్టీలు కనిపిస్తాయి. అంచుల్లోని రెండూ మధ్యవాటి కన్నా కాస్త పొడుగు. అంచులవి కరెంటుకి, మధ్యవి డేటాకి. పెట్టేటప్పుడు కరెంటు ముందు తగలాలి, పీకేటప్పుడు చివర వదలాలి. నడుస్తున్న కంప్యూటర్‌కే పరికరాలు తగిలిస్తారని, అంటే హాట్‌ప్లగ్ చేస్తారని, ఊహించి చేసిన ఏర్పాటు ఇది.

యూఎస్‌బీ 2 పెన్‌డ్రైవ్ పెట్టగానే అందులోని 1.5 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఒక డేటా తీగ మీద వోల్టేజిని పెంచుతుంది. ఎవరో వచ్చారని హబ్‌కి, అంటే యూఎస్‌బీ పోర్టులను చూసుకునే భాగానికి, తెలిసేది అలాగే. లైనక్స్ కెర్నెల్, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాం, మాత్రం తొందరపడదు. లోహానికి లోహం తగిలేటప్పుడు సిగ్నల్ అదురుతుంది కాబట్టి, 100 మిల్లీసెకన్లు నిలకడగా ఉందో లేదో చూస్తుంది. తర్వాత రీసెట్ చేసి, 1 నుంచి 127 లోపు ఒక నంబరిచ్చి, వివరాలు అడుగుతుంది. పరికరం తన తయారీదారు కోడు, మోడల్ కోడు, తరగతి చెబుతుంది. కెర్నెల్ ఆ కబురును యూడెవ్ అనే ప్రోగ్రాంకి చేరవేస్తే, అది తగిన డ్రైవర్‌ను, అంటే ఆ పరికరాన్ని నడిపే కోడ్‌ను, లోడ్ చేయిస్తుంది. ఇదంతా గుమాస్తా పని.

అసలు టెన్షన్ పీకినప్పుడు. అది ఏ క్షణంలోనైనా జరగొచ్చు. కంప్యూటర్ లోపల అదనపు కార్డులు పెట్టే పీసీఐ స్లాట్‌లోని కార్డు పోతే మరీ చిత్రం: దాన్ని చదవబోతే చాలా కంప్యూటర్లలో ఎర్రర్ రాదు, అన్నీ 1 బిట్లే వస్తాయి. కార్డు పనిలో ఉందని చెప్పే 'బిజీ' బిట్ 0 అయ్యేదాకా ఆగుదామని లూప్‌లో తిరిగే డ్రైవర్ ఇక తిరుగుతూనే ఉంటుంది. అందుకే జాగ్రత్తగా రాసిన డ్రైవర్లు మొత్తం 1లే కనిపిస్తే కార్డు అసలు ఉందా అని అనుమానిస్తాయి.

ఇంకో చిక్కు మెమరీతో. పరికరం పోయినా ఏదో ప్రోగ్రాం దాన్ని ఇంకా తెరిచే ఉంచుకుంటుంది. కెర్నెల్ తన దగ్గరున్న ఆ పరికరం రికార్డును అప్పుడే చెరిపేస్తే, ఆ చోటు ఇంకెవరికో వెళ్లిపోతుంది. పాత ప్రోగ్రాం అడిగిన పని చేయబోయి డ్రైవర్ వాళ్ల డేటాలో వేలు పెడుతుంది. అందుకని ఎంతమంది పట్టుకుని ఉన్నారో కెర్నెల్ లెక్క పెట్టుకుంటుంది. చివరివాళ్లు వదిలేదాకా రికార్డు ఉంటుంది; ఈలోగా ఎవరేం అడిగినా 'అలాంటి పరికరం లేదు' అన్నదే జవాబు. నన్నడిగితే హాట్‌ప్లగ్‌లో అసలు పనితనం ఈ లెక్కలోనే ఉంది. ఒక్క డ్రైవర్ ఇది తప్పినా సిస్టమ్ మొత్తం కూలిపోవచ్చు.

ఇంత చేసినా కెర్నెల్ చేతిలో లేనిది ఒకటుంది. ఫైల్ కాపీ అయిపోయిందని తెర మీద కనబడినా, కొంత డేటా ఇంకా ర్యామ్‌లోనే ఉండొచ్చు. లైనక్స్ మామూలు సెట్టింగుల్లో అది దాదాపు 30 సెకన్ల దాకా అలా ఉండిపోగలదు. ఆలోగా పీకేస్తే కెర్నెల్ పడిపోదు గానీ, ఆ డేటా గల్లంతే. 'ఎజెక్ట్' నొక్కినప్పుడు ముందుగా జరిగేది ఆ మిగిలినదంతా పెన్‌డ్రైవ్‌లోకి రాయించడం.