దొంగగాలి

ఎర్రదీపం దగ్గర బండి ఆగింది. పెడల్ మీంచి కాలు తీయగానే వెనక ఇంజిన్ చప్పుడు ఒకసారి లేస్తుంది, మునుగుతుంది, మళ్లీ లేస్తుంది. ఆరిపోతుందేమోనని డ్రైవరు పెడల్‌ను కాస్త తొక్కిపట్టి ఉంచుతాడు. పచ్చదీపం వెలిగాక మాత్రం ఏ గొడవా ఉండదు, బండి హాయిగా సాగిపోతుంది. మన మెకానిక్కుల భాషలో చెప్పాలంటే ‘స్లో నిలబడట్లేదు’. ఇక్కడ రోగి 1972 నాటి జర్మన్ ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2. లోపల మంచం, పొయ్యి, సింకు అమర్చిన క్యాంపర్ వ్యాన్.

బీటిల్ కారు సామాను మీద పెట్టెలాంటి బండి కట్టొచ్చని 1947లో డచ్చి వ్యాపారి బెన్ పాన్ ఒక బొమ్మ గీశాడు. 1950లో తయారీ మొదలైంది. మరుసటి ఏడాదే వెస్ట్‌ఫాలియా అనే కంపెనీ అందులో సంసారం పెట్టడానికి కావలసిన సరంజామా తయారుచేసింది. మన రోగికి వెనకవైపు 1584 సీసీల ఇంజిన్. గాలే దాన్ని చల్లబరుస్తుంది, రేడియేటర్ లేదు. ఇంజిన్ నెత్తిన, పెట్రోలునూ గాలినీ కలిపి అందించే సోలెక్స్ 34 పిక్ట్-3 అనే ఒకే ఒక్క కార్బరేటర్. అరచేతిలో ఇమిడేంత పోత లోహపు ముక్క.

ఆ ముక్క చేసే పని చూస్తే ముచ్చటేస్తుంది. కిలో పెట్రోలు పూర్తిగా కాలాలంటే 14.7 కిలోల గాలి కావాలి. లీటర్లలో చెప్పుకుంటే, ఒక్క లీటరు పెట్రోలుకు దాదాపు 9,000 లీటర్ల గాలి. ఇంజిన్ నెమ్మదిగా తిరిగినా, ఉరికినా, గుట్ట ఎక్కినా ఈ లెక్క అటూ ఇటూ పెద్దగా చెదరకూడదు. దాన్ని కార్బరేటర్ ఏ సెన్సరూ లేకుండా చూసుకోవాలి. దానికి తెలిసిందల్లా గాలి ఒత్తిడి ఒక్కటే.

కాలువ ఇరుకైన చోట నీరు వడిగా పారుతుంది కదా, గాలీ అంతే. వడి పెరిగిన చోట ఒత్తిడి తగ్గుతుంది. ఇటలీకి చెందిన వెంచూరి ఈ సంగతి మీద 1797లో రాశాడు, అందుకే కార్బరేటర్ గొంతు దగ్గరి నొక్కుకు ఆయన పేరు. మన సోలెక్స్‌లో అడుగున గొట్టం వ్యాసం 34 మిల్లీమీటర్లు, పైన నొక్కు దగ్గర 26. అంటే నొక్కులో గాలి సుమారు 1.7 రెట్లు వేగంగా వెళ్తుంది. పక్కనే, పెట్రోలు నిలవ ఉండే ఫ్లోట్ గిన్నెలో అది మామూలు వాతావరణ ఒత్తిడి కింద ఉంటుంది. ఇంజిన్ పెట్రోలు పీల్చుకుంటుందని అంటాం గానీ, నిజానికి దాన్ని గొంతులోకి తోసేది బయటి గాలే.

ఎంత తోయాలో తేల్చేది జెట్. ఇత్తడి మరలో చిన్న చిల్లు. దాని మీద 130 అని ఉంటే చిల్లు సుమారు 1.30 మిల్లీమీటర్లని అర్థం. మనవైపు బైకుల షెడ్డుల్లో జెట్ మూసుకుపోతే క్లచ్ కేబుల్ నుంచి ఒక తీగ పీకి అందులో పొడిచేవాళ్లు. నేనూ పక్కన నిలబడి మెచ్చుకున్నవాణ్నే. తర్వాత లెక్కేసి చూస్తే తెలిసింది: 1.30 చిల్లు రుద్దుడుకు 1.40 అయితే వైశాల్యం 16 శాతం పెరుగుతుంది. ఉక్కు తీగ ముందు ఇత్తడి నిలవదు. జిగురు కరిగించే ద్రవంలో నానబెట్టి, గాలి పట్టించి ఊదడమే దానికి తగిన వైద్యం.

అయితే మన వ్యాన్ జబ్బు ఒక్కోసారి జెట్‌లో ఉండదు. ‘రీకండిషన్ కిట్’ అని అమ్మే పొట్లంలో గ్యాస్కెట్లు, నీడిల్ వాల్వు, రబ్బరు డయాఫ్రం ఉంటాయి. అవి మార్చి, ఒళ్లంతా తళతళలాడేలా కడిగి బిగించినా స్లో మళ్లీ అలాగే ఊగుతుంది. ఎందుకంటే అసలు దొంగ ఆ పొట్లంలో లేని చోట ఉన్నాడు.

పెడల్ తొక్కితే తిరిగే బిళ్లను థ్రాటిల్ అంటాం. ఆ బిళ్ల ఒక ఉక్కు స్పిండిల్ మీద బిగించి ఉంటుంది, స్పిండిల్ రెండు చివరలూ కార్బరేటర్ ఒంట్లోని రంధ్రాల్లో తిరుగుతాయి. స్ప్రింగు, కేబుల్ దాన్ని ఎప్పుడూ ఒకే పక్కకు లాగుతుంటాయి. యాభై ఏళ్లు అలా లాగితే గుండ్రటి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. స్పిండిల్ మందం 8 మిల్లీమీటర్లనీ, చుట్టూ పదో వంతు మిల్లీమీటరు సందు ఏర్పడిందనీ అనుకుందాం. రెండు చివరల సందులూ కలిపితే సుమారు 5 చదరపు మిల్లీమీటర్లు. జెట్ చిల్లును పదో వంతు మిల్లీమీటరు తేడా రాకుండా కాపాడుకుంటూ, పక్కనే రెండున్నర మిల్లీమీటర్ల బెజ్జం తెరిచిపెట్టినట్టు!

ఆ బెజ్జంలోంచి దూరే గాలి ఏ జెట్ పక్క నుంచీ రాలేదు, వెంట చుక్క పెట్రోలూ తేలేదు. మెకానిక్కులు ‘ఎయిర్ తీసుకుంటోంది’ అంటారు. నేను దాన్ని దొంగగాలి అంటాను. స్లోలో బిళ్ల దాదాపు మూసి ఉంటుంది కాబట్టి దాని కింద ఒత్తిడి బాగా పడిపోతుంది. ఇంజిన్ పీల్చే గాలి కొంచెమే, అందులో దొంగగాలి వాటా పెద్దది. పెడల్ తొక్కితే బిళ్ల తెరుచుకుని కింద, పైన ఒత్తిడి దగ్గరపడుతుంది. అసలు దారిలో గాలి వరదలా వస్తుంది, ఆ వరదలో దొంగగాలిది లెక్కలోకి రాని వాటా. హైవే మీద హాయి, సిగ్నల్ దగ్గర తంటా అందుకే. స్పిండిల్ వదులై ప్రతిసారీ ఒక కొత్త చోట కూర్చుంటుంది కాబట్టి స్క్రూలు ఎంత తిప్పినా నిన్న కుదిరిన సెట్టింగు ఇవాళ కుదరదు.

పట్టుకునే ఉపాయం తేలిక. స్పిండిల్‌ను వేళ్లతో పట్టి అటూ ఇటూ ఆడిస్తే ప్లే తెలిసిపోతుంది. ఇంజిన్ నడుస్తుండగా స్పిండిల్ చివర కాస్త క్లీనర్ కొట్టి చప్పుడు మారుతుందా అని చూసేవాళ్లూ ఉన్నారు. వేడి ఇంజిన్ మీద మండే ద్రవం కొట్టడం కాబట్టి నాకు మొదటి పద్ధతే ఇష్టం.

వైద్యం లేత్ దగ్గర. బిళ్లను పట్టి ఉంచే రెండు చిన్న స్క్రూలు ఊడి ఇంజిన్‌లో పడకుండా ఫ్యాక్టరీలోనే వాటి కొసలు నలగ్గొట్టి ఉంటాయి. ఆ కొసలు అరగదీసి తీయాలి. బిళ్ల అంచులు ఏటవాలుగా చెక్కి ఉంటాయి, తిరగేసి పెడితే సరిగా మూసుకోదు, ముందే గుర్తు పెట్టుకోవాలి. రెండు పక్కల రంధ్రాలనూ ఒకే వరసలో రీమర్ అనే తొలిచే పనిముట్టుతో పెద్దవి చేసి ఇత్తడి బుష్‌లు, అంటే చిన్న గొట్టపు ముక్కలు దించుతారు. వరస వెంట్రుకవాసి తప్పినా స్పిండిల్ బిగుసుకుంటుంది. చివరికి వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే, మూసిన బిళ్ల చుట్టూ వెలుగు సమానంగా, సన్నగా కనబడాలి. ఇది చేతికి అలవాటైన పనివాడి పని, మొదటి ప్రయత్నం పనికిరాని పాత కార్బరేటర్ మీద చేయడం మేలు.

బిగించాక స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు వాల్వుల సందు 0.15, స్పార్క్ రప్పించే పాయింట్ల సందు 0.4 మిల్లీమీటర్లు ఉన్నాయో లేదో చూడాలి. అవి తేడాగా ఉంటే కార్బరేటర్‌ను తిట్టుకోవడం దండగ. ఈ మోడల్‌లో స్లో పెంచాల్సింది పక్కనున్న పెద్ద బైపాస్ స్క్రూతో. చాలామంది థ్రాటిల్ చేతి మీది స్క్రూ తిప్పుతారు, దాంతో బిళ్ల తన చోటు తప్పి లెక్కంతా చెడుతుంది. నిమిషానికి 850 చుట్ల దగ్గర ఇంజిన్ నిలకడగా ఉంటే చాలు.

ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చిపడింది. బ్రిటన్ 2021లో 10 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు మారింది, మనం 20 శాతానికి వచ్చాం. ఇథనాల్ తన ఆక్సిజన్ తానే తెచ్చుకుంటుంది కాబట్టి దానికి గాలి తక్కువ సరిపోతుంది: 10 శాతం కలిపితే 14.7 కాస్తా 14.1 అవుతుంది, 20 శాతానికి సుమారు 13.5. జెట్ మాత్రం పాత లెక్కే కొలుస్తుంది. దొంగగాలి ఒక్కటీ రాకపోయినా, వచ్చినట్టే మిశ్రమం పలచబడుతుంది. మన ఊళ్లలో ఇంకా తిరుగుతున్న పాత కార్బరేటర్ బైకులకూ ఇదే లెక్క. పాత రబ్బరు పైపులకూ ఇథనాల్ పడదు. వ్యాన్ కార్బరేటర్‌లోకి పెట్రోలు వచ్చే ఇత్తడి గొట్టం కూడా వట్టి బిగువు మీద నిలబడేదే. అది వదులై ఊడితే పెట్రోలు నేరుగా వేడి ఇంజిన్ మీద పడుతుంది. విప్పినప్పుడే దాన్ని లాగి చూడాలి.

ఇంత చేశాక కూడా, చలి, తేమ కలిసిన పొద్దున పావుగంట నడిచాక ఇంజిన్ ఆగిపోవచ్చు. పక్కకు తీసి ఆపి, ఏముందో చూద్దామని పది నిమిషాల తర్వాత తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. పెట్రోలు ఆవిరవుతూ చుట్టూ వేడి లాక్కుంటుంది, మట్టికుండ నీళ్లు చల్లబడ్డట్టే. గాలిలోని తేమ గొంతులో మంచై దారి మూస్తుంది, బండి ఆగాక ఇంజిన్ వేడికి కరిగి సాక్ష్యం లేకుండా పోతుంది. దీనికి విరుగుడుగా సైలెన్సర్ నుంచి వేడి పొగను కార్బరేటర్ కిందుగా తీసుకెళ్లే సన్నటి గొట్టం ఒకటి పెట్టారు. ఇంజిన్ వేడెక్కుతుండగా దాని రెండు కొసల దగ్గరకూ చేయి పోనిచ్చి చూడాలి. ఒక పక్క కాలుతూ రెండో పక్క చల్లగా ఉంటే గొట్టం మసితో పూడుకుపోయినట్టు. కార్బరేటర్‌ను మళ్లీ విప్పే పనిలేదు.