గ్యాలరీకి వస్తువు ఇస్తే ఇక పోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

శ్రీశైలం డ్యాం కింద ఊళ్ల ముంపు, 2009 అక్టోబరు వరద, ఎండిన బోర్లు. కర్నూలులో మా చిన్న గ్యాలరీ ప్రదర్శనలు పెట్టేది వీటి మీదే. గోడకు బొమ్మలు వేలాడదీయడంతో సరిపెట్టం. జనం ఇళ్లలో మిగిలిన వస్తువులు, వాళ్ల గొంతులు, నీటి మరకలు, అన్నీ కలిపి పెడతాం. అందుకే జనం దగ్గరికే పోతుంటాం, పోయిన ప్రతిచోటా 'ఇస్తే మళ్లీ వస్తుందా' అన్న అదే టెన్షన్ చూస్తుంటాం.

అపోహ: ఒకసారి ఇచ్చామంటే అది గ్యాలరీ సొత్తే.

కానే కాదు. ప్రదర్శనకు ఇచ్చిన వస్తువు అరువు తీసుకున్నదే, మీది మీదే. అయితే ఆ మాట కాగితం మీద ఉండాలి. వస్తువు ఏమిటి, ఎవరిది, ఇచ్చేనాటికే ఎక్కడ పగులుంది, ఎక్కడ మరకుంది, ఎప్పుడు తిరిగిస్తారు, పాడైతే ఎవరు భరిస్తారు, దాని ఫోటో పేపర్లోనో ఇంటర్నెట్లోనో వేయొచ్చా, ఇవన్నీ రాయాలి. అన్ని వైపులా ఫోటోలు తీయాలి. రెండు ప్రతుల మీద సంతకాలు పెట్టి ఒకటి మీరు ఉంచుకోవాలి. ఖాళీ కాగితం మీద మాత్రం ఎవరడిగినా సంతకం పెట్టొద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ముంపు ఊరి నుంచి వచ్చిన ఒక అవ్వ మాకొక ఇనుప గొళ్లెం తెచ్చింది. ఊరు ఖాళీ చేసేటప్పుడు తలుపులు, దూలాలు విప్పుకొని బండ్లకెత్తుకున్నారు కదా, ఆ తలుపుది. కొక్కెం దగ్గర అరిగి సన్నబడింది, సందులో పాత పసుపు గట్టిపడి ఉంది. ఇవ్వబోయి మళ్లీ కొంగులో దాచుకుంది. "మళ్లా ఇస్తావా నాయనా? పోయినసారి ఫోటో ఇస్తే రాలా" అంది. ఎవరో ప్రదర్శనకని ఆమె మొగుడి ఫోటో పట్టుకుపోయారు. వెనక వాళ్ల పాత ఇల్లు కూడా పడిన ఫోటో అది, ఇంకొకటి లేదు. రసీదు లేదు, తీసుకున్నవాళ్ల ఫోన్ నంబరూ లేదు. ఆమెను ఏమని ఓదార్చాలి? కాగితం రాసి, రెండుసార్లు చదివి వినిపించాం. వేలిముద్ర వేసి, తన ప్రతిని మడిచి వక్కాకు సంచిలో పెట్టుకుంది. ప్రదర్శన అయ్యాక గొళ్లేన్ని పసుపు తుడవకుండా అలాగే ఇచ్చేశాం.

అపోహ: గ్యాలరీలో పేరు కనబడితే పెన్షన్ తీసేస్తారు, ముంపు పరిహారం లెక్కలు తిరగదోడతారు.

ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ, దీనివల్ల ముసలివాళ్లు నోరు విప్పడానికే వణుకుతున్నారు. ప్రదర్శనకూ పెన్షన్ జాబితాకూ ఏ సంబంధమూ లేదు. అయినా భయం భయమే, కాబట్టి పేరు వద్దంటే పెట్టం, ముఖం వద్దంటే గొంతు మాత్రమే వినిపిస్తాం. ఒక్కటి మాత్రం నిజంగా జాగ్రత్త: పట్టాదారు పాస్‌బుక్కు, పరిహారం ఆర్డరు, రేషన్ కార్డు ఒరిజినల్స్ మాకే కాదు, ఏ గ్యాలరీకీ ఇవ్వకండి. జిరాక్సు చాలు.

అపోహ: వరదలో తడిసి అతుక్కుపోయిన ఆల్బం చెత్త కిందే లెక్క.

పారేయకండి, బలవంతంగా ఊడదీయనూ వద్దు. ఊడదీస్తే బొమ్మ ఉన్న పొర పక్క ఫోటోకి అంటుకొని వచ్చేస్తుంది. ఏళ్ల తరబడి ఎండిపోయినవాటిని అలాగే పొడిచోట ఉంచి, పాత ఫోటోలు బాగుచేయడం తెలిసినవాళ్లకు చూపించండి.

పాత సామాను పేర్చితే కళ ఎలా అవుతుంది, చదువు లేకపోతే అర్థం కాదు, కొనేవాళ్లే రావాలి, ఇవన్నీ వట్టి మాటలు. ప్రదర్శనలో పెట్టిన బోరు పైపుల ముందు మాకంటే ఎక్కువసేపు నిలబడేది రైతులే.

ఇక కుర్ర ఆర్టిస్టులకు. బొమ్మ అమ్మితే కాపీరైట్, అంటే దాని నకళ్లు వేసుకునే హక్కు, కూడా పోతుందనుకుంటారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఆ హక్కు బదిలీ చేయాలంటే సంతకంతో రాతపూర్వకంగా ఉండాలి. బొమ్మ కొన్నంత మాత్రాన క్యాలెండర్ల మీద అచ్చేసుకునే హక్కు రాదు. డబ్బిచ్చి ఆర్డరు మీద గీయించుకున్న చిత్రమైతే లెక్క వేరు, వేరే ఒప్పందం లేకపోతే కాపీరైట్ గీయించుకున్నవాళ్లదే. అయినా మీ పనిని పాడుచేస్తే అడిగే హక్కు మీకే ఉంటుంది. ఢిల్లీలోని ప్రభుత్వ సభాభవనం విజ్ఞాన్ భవన్ కోసం శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కుడ్యశిల్పాన్ని 1979లో పీకి గోడౌన్లో పడేశారు. ఆయన కోర్టుకెక్కారు. 2005లో ఢిల్లీ హైకోర్టు, మిగిలిన భాగాలు ఆయనకు తిరిగిచ్చి, 5 లక్షల రూపాయల పరిహారం కట్టమని ప్రభుత్వాన్ని ఆదేశించింది.