తెర తప్పా, తీగ తప్పా?

బెజవాడలో పాత టీవీలు బాగుచేసే మెకానిక్‌కి గేమ్ పార్లర్‌లో ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఆడే జంట కార్ రేసింగ్ మెషీన్లు అప్పజెబితే మొదటి చిక్కు వేగం దగ్గర వస్తుంది. మన పాత టీవీలో బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు, అంటే సెకనుకు 15,625 గీతలు. సెగా కంపెనీ 1994లో తెచ్చిన డేటోనా యూఎస్ఏ అనే రేసింగ్ గేమ్ మెషీన్ మాత్రం సెకనుకు దాదాపు 24 వేల గీతలు పంపుతుంది. దాన్ని మామూలు టీవీ మానిటర్‌కి కలిపితే బొమ్మ ఏటవాలు చీలికలై పరుగెడుతుంది. గేమ్‌ని నడిపే సర్క్యూట్ బోర్డూ మానిటరూ రెండూ బాగానే ఉంటాయి, లయ కుదరలేదంతే.

జంట మెషీన్లలో ఒక సుఖం ఉంది. పక్కనే అచ్చం అలాంటిదే ఇంకొకటి ఉంటుంది. కరెంటు ఆపి, బోర్డుల దగ్గర వీడియో వైర్లు ఇటుదటు, అటుదిటు మార్చి చూడాలి. బొమ్మలోని తేడా పక్క తెర మీదికి వెళ్లిందా, జబ్బు గేమ్ బోర్డుది. ఉన్నచోటే ఉందా, మానిటర్‌దో దాని వైరుదో. ఖరీదైన మీటర్ల కంటే ముందు నేను నమ్మేది ఈ పరీక్షనే.

నెట్‌వర్క్ చెక్ చేస్తున్నానంటూ తెర ఆగిపోతే అది డిస్‌ప్లే జబ్బే కాదు. అక్షరాలు అంత స్పష్టంగా కనిపిస్తుంటే మానిటర్‌ని తిట్టడమెందుకు? ఇద్దరూ ఒకే రేసు ఆడేందుకు బోర్డులు ఆప్టికల్ ఫైబర్ తీగలతో వలయంగా కలిసి ఉంటాయి. ఒక మెషీన్ ఆపేసి ఉన్నా రెండోది దానికోసం ఎదురుచూస్తుంది. టెస్ట్ మెనూలో లింకు తీసేసి ఒంటరిగా ఆడిస్తే సంగతి తేలిపోతుంది.

అసలు మానిటర్ జబ్బులకు పెద్ద కారణం వేడి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఇక మూసిన చెక్కపెట్టెలో, కరెంటును కాసేపు పట్టి ఉంచే కెపాసిటర్ల గతేంటి? ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ లోపలి ద్రవం వేడికి క్రమంగా ఎండిపోతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగమవుతుందని ఇంజనీర్ల లెక్క. బొమ్మ పైభాగం ముడుచుకున్నా, అంచులు వంకరపోయినా ముందు వాటినే అనుమానించాలి. తెర మధ్యలో ఒకే ఒక్క అడ్డగీత మిగిలితే బొమ్మను పైనుంచి కిందికి పరిచే వర్టికల్ సెక్షన్ పోయినట్టు. చాలాసార్లు అక్కడ డ్రై సోల్డర్, అంటే పట్టు వదిలిన అతుకు దొరుకుతుంది. ఆ గీతను అలాగే వదిలేస్తే తెర మీద మచ్చ పడిపోతుంది, వెంటనే ఆపేయాలి. ఆపాక కూడా పిక్చర్ ట్యూబులో వేల వోల్టులు నిలిచి ఉంటాయి కాబట్టి, దాన్ని డిశ్చార్జ్ చేయడం, అంటే ఆ నిలిచిన కరెంటు దింపేయడం తెలియనివాళ్లు వెనక తలుపు తీయకపోవడమే మంచిది.

ఎల్‌సీడీ పెట్టేస్తే పోలా అంటారు కొందరు. ఆ 24 వేల గీతల సిగ్నల్‌ని మామూలు ఎల్‌సీడీలు చాలావరకు తీసుకోవు, మధ్యలో సిగ్నల్ మార్చే కన్వర్టర్ కావాలి. అది రవ్వంత ఆలస్యం చేసినా మలుపులో స్టీరింగ్ తిప్పే చేతికి తెలిసిపోతుంది. తప్పదంటే రెండింటికీ మార్చాలి. ఒకదానికే మారిస్తే ఓడినవాడు ప్రతిసారీ తెరనే తిడతాడు.