నాటక రచన, దర్శకత్వం: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో తెలుగు నాటకాలు రాస్తూ, వాటికి దర్శకత్వం వహిస్తున్నందున, ఈ రంగంలోకి రావాలనుకునే యువతీయువకులు నన్ను తరచూ కలుస్తుంటారు. వారు వెంట తెచ్చుకునే కొన్ని అభిప్రాయాలు వారిని రంగస్థలం ఎక్కకముందే వెనక్కి పంపేస్తున్నాయి కనుక ఈ వివరణ రాస్తున్నాను.

అపోహ: ఉద్యోగం చేసుకుంటూ నాటకాలు వేసేవారిది కాలక్షేపమే.

వాస్తవం: తెలుగు నాటకకర్త ధర్మవరం రామకృష్ణమాచార్యులు, ప్రసిద్ధ రంగస్థల నటుడు బళ్లారి రాఘవ ఇద్దరూ న్యాయవాదులే. కన్నడ నాటకకర్త గిరీశ్ కర్నాడ్ 1963 నుంచి 1970 వరకు మద్రాసులో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్‌లో ఉద్యోగం చేశారు; 1964లో వెలువడిన ఆయన నాటకం 'తుగ్లక్' ఆ ఉద్యోగకాలం నాటిదే. హాలు అద్దె, లైట్లు, సెట్టు రవాణా ఖర్చులు పోగా టికెట్ల డబ్బుతో రచయిత ఇల్లు గడవడం చాలా అరుదు. అందుకే మాలో ఎక్కువమంది పాఠాలు చెప్పో, వర్క్‌షాపులు నిర్వహించో, వేరే కొలువు చేసో జీవిస్తారు. దానివల్ల వారి నాటకం విలువ ఏమాత్రం తగ్గదు.

అపోహ: అచ్చయిన నాటకాన్ని ఎవరైనా ఆడుకోవచ్చు.

వాస్తవం: 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత మరణానంతరం కూడా 60 ఏళ్లపాటు హక్కు కొనసాగుతుంది. అనుమతి అడగాలి, రాయల్టీ చెల్లించాలి.

అపోహ: రాతప్రతి పూర్తయితే నాటకం పూర్తయినట్లే.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదేనని నా నమ్మకం. ఒక నాటకంలో తండ్రి పొలం అమ్మకానికి ఒప్పుకునే ఘట్టానికి నేను సుదీర్ఘమైన సంభాషణ రాశాను. రిహార్సల్లో ఆ పాత్రధారి పట్టాదారు పాసుపుస్తకాన్ని కూతురి ముందు బల్ల మీద పెట్టాడు గానీ, దాని మీది నుంచి చెయ్యి తీయలేదు. కూతురు పాత్రధారిణి ఆ చేతినే చూస్తూ తన మాట సగంలో ఆపేసింది. సంభాషణ మొత్తం చెప్పలేని విషయం ఆ చేతిలో ఉన్నదని అక్కడున్న అందరికీ అర్థమైంది. ఆ రాత్రే సంభాషణలో ఎక్కువ భాగం కొట్టేసి, తండ్రికి ఒక్క వాక్యం మాత్రమే మిగిల్చాను. నటులంతా కూర్చుని ప్రతిని చదివే మొదటి రీడింగ్ నుంచి, లైట్లు, శబ్దాలు జోడించి చేసే టెక్నికల్ రిహార్సల్ వరకు ఇలాంటి మార్పులు జరుగుతూనే ఉంటాయి కాబట్టి, ప్రతిని చేతికిచ్చి ప్రదర్శన రోజున మాత్రమే వచ్చే రచయిత తన నాటకం గురించి తెలుసుకోదగినదంతా పోగొట్టుకుంటాడు.

అపోహ: తన నాటకానికి తానే దర్శకత్వం వహించకూడదు.

వాస్తవం: రెండు మార్గాలూ ఉన్నాయి. కర్నాడ్ రాసిన 'తుగ్లక్'ను ఢిల్లీలోని పురానా ఖిలాలో దర్శకుడు ఇబ్రహీం అల్కాజీ, 'హయవదన'ను దర్శకుడు బి.వి.కారంత్ ప్రదర్శనలుగా మలిచారు. బెంగళూరులో పుట్టిన ఇంగ్లీషు నాటకకర్త మహేశ్ దత్తాణి మాత్రం తాను రాసిన నాటకాల్లో చాలావాటికి తానే దర్శకత్వం వహించారు. రెండు బాధ్యతలూ ఒక్కరే మోసేటప్పుడు, "ఈ సన్నివేశం సాగుతోంది" అని మొహమాటం లేకుండా చెప్పగల మనిషి రిహార్సల్లో కూర్చుని ఉండటం తప్పనిసరి.

అపోహ: కన్నడ దేశంలో తెలుగు నాటకానికి చోటు లేదు.

వాస్తవం: ధర్మవరం, రాఘవ వంటివారు ఆధునిక తెలుగు నాటకానికి రూపం ఇచ్చిన బళ్లారి 1953 నుంచి నేటి కర్ణాటకలోనే ఉంది. బెంగళూరు విషయానికొస్తే, 2004లో జె.పి.నగర్‌లో ప్రారంభమైన రంగశంకర నాటకశాల వివిధ భాషల నాటకాలకు వేదికగా ఉంటోంది. అక్కడ నాటకం మొదలయ్యాక వచ్చినవారిని లోపలికి పంపరు. ఆ క్రమశిక్షణ మన నాటక సమాజాలు కూడా అలవరచుకోవాలని నా గట్టి కోరిక. తెలుగు అర్థమయ్యే కన్నడిగులు ఈ నగరంలో చాలామంది ఉన్నారు. అయితే ఒక్క ప్రదర్శన వేసి ఊరుకుంటే వారెవరికీ కబురు అందదు. నాటక పరిషత్తులు నిర్వహించే పోటీ కోసం తయారుచేసిన నాటికను బహుమతి రాగానే అటకెక్కించకుండా, అదే బృందంతో వేర్వేరు హాళ్లలో మళ్లీ మళ్లీ ఆడితేనే ప్రేక్షకులు కూడుతారు, నటులు పాత్రల్లో కుదురుకుంటారు, తర్వాతి నాటకం రాయడానికి రచయితకు ఒక బృందం మిగులుతుంది.