ట్రక్కు అదురుతోందా? ముందు సెకనుకు ఎన్నిసార్లో చూడండి

సెమీ ట్రక్కు (వెనక ట్రైలర్‌ను లాగే పెద్ద లారీ) అదురుతోందని గ్యారేజీకి తీసుకెళ్తే చాలాచోట్ల ముందు టైర్లు బ్యాలెన్స్ చేస్తారు, తగ్గకపోతే షాక్ అబ్జార్బర్లు మారుస్తారు, అప్పటికీ తగ్గకపోతే ఇంకేదో విప్పుతారు. ఊహ మీద ఇలా పార్టులు మార్చుకుంటూ పోతే డబ్బు పోతుంది, అదురు మాత్రం ఎక్కడికీ పోదు. దీని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. స్పానర్ పట్టుకునే ముందు ఆ అదురు సెకనుకు ఎన్నిసార్లు వస్తోందో తేలాలి.

ఎందుకంటే బండిలో తిరిగే భాగాలన్నీ ఒకే వేగంతో తిరగవు. అమెరికా హైవేల మీద నడిచే 18 చక్రాల ట్రక్కునే తీసుకోండి. దాని టైరు ఎత్తు దాదాపు ఒక మీటరు, ఒక మైలుకి సుమారు 515 చుట్లు తిరుగుతుంది. గంటకు 60 మైళ్ల వేగమంటే నిమిషానికి ఒక మైలు కాబట్టి సెకనుకు 8.6 చుట్లు. గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకు శక్తిని మోసే పొడవాటి గొట్టం ప్రొపెల్లర్ షాఫ్ట్. డిఫరెన్షియల్ రేషియో, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి ఈ షాఫ్ట్ తిరగాల్సిన చుట్లు, 3.55 అయితే అది అదే సమయంలో సెకనుకు 30 చుట్లు తిరుగుతుంది, ఓవర్‌డ్రైవ్ గేరులో (షాఫ్ట్ కన్నా ఇంజను నెమ్మదిగా తిరిగే పై గేరు) ఉన్న ఇంజను 22 దగ్గర ఉంటుంది. అంటే సెకనుకు 8, 9 సార్లు వస్తే చక్రాల వైపు చూడాలి, 30 సార్లు వస్తే షాఫ్ట్ వైపు. కొలవడానికి పెద్ద పరికరాలు కూడా అక్కర్లేదు, ఫోన్లో కదలికను పసిగట్టే సెన్సార్ అయిన యాక్సెలరోమీటర్‌ను చదివే ఉచిత యాప్‌లు ఈ అంకెలను బాగానే చూపిస్తాయి. కాకపోతే ఫోన్ చూసే పని పక్క సీట్లో వాళ్లదే, డ్రైవర్‌ది కాదు.

యాప్ లేకపోయినా ఒక పరీక్ష ఉంది. అదురు వచ్చే వేగంలోనే బండిని ఉంచి ఒక గేరు తగ్గించండి. రోడ్డు వేగం మారలేదు, ఇంజను మాత్రం ఇంకా వేగంగా తిరుగుతోంది. అదురు ఏమీ మారకపోతే లోపం గేర్‌బాక్స్ తర్వాతి భాగాల్లో, అంటే షాఫ్టులోనో చక్రాల్లోనో ఉందన్నమాట. ఇంజనుతోపాటు అదురు కూడా మారితే ఇంజను మౌంట్లు, క్లచ్, ఫ్యాన్ చూసుకోవాలి. బ్రేకు తొక్కినప్పుడే వస్తే డ్రమ్ములు చూస్తే సరిపోతుంది.

టైర్ల సంగతికొస్తే, ట్రెడ్డు మీద ఒకచోట 100 గ్రాములు ఎక్కువుందంటే ఎవరూ పట్టించుకోరు. 60 మైళ్ల వేగంలో ఆ 100 గ్రాములు దాదాపు 15 కిలోల బలంతో లాగుతాయి, అదీ సెకనుకు ఎనిమిదిసార్లకు పైగా. ఈ బలం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 30 మైళ్ల దగ్గర నాలుగో వంతే ఉంటుంది, అందుకే ఊళ్లో నడిపినప్పుడు బాగున్న బండి హైవే ఎక్కగానే వణుకుతుంది. అదురు కాసేపు పెరిగి, కాసేపు తగ్గి, మళ్లీ పెరుగుతుంటే రెండు చక్రాల్లో లోపం ఉండొచ్చు. ఒకటి కాస్త అరిగి చిన్నదై సెకనుకు 8.7 చుట్లు, రెండోది 8.6 తిరుగుతుంటే రెండు దెబ్బలూ పది సెకన్లకోసారి కలిసి పడతాయి, మధ్యలో ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. బ్యాలెన్స్ బాగున్నా గుండ్రం చెడిన టైరు ఊరుకోదు. రిమ్ము అంచు పక్కన టైరు మీద సన్నటి గీత ఒకటి చుట్టూ ఉంటుంది, ఆ గీతకీ రిమ్ముకీ మధ్య ఖాళీ అన్నివైపులా సమానంగా లేకపోతే టైరు సరిగ్గా కూర్చోలేదని అర్థం, ఎన్ని బరువులు కొట్టించినా లాభం లేదు.

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది షాఫ్టు చివర్లలో ఉండే యూనివర్సల్ జాయింట్, మన మెకానిక్‌లు క్రాస్ అనేది. వంపులో ఉన్నప్పుడు ఈ జాయింట్ ఒక పక్క నుంచి నిలకడగా వచ్చే వేగాన్ని రెండో పక్కకు అలాగే అందించలేదు, ప్రతి చుట్టుకీ రెండుసార్లు పెంచి రెండుసార్లు తగ్గిస్తుంది. అందుకే షాఫ్టు 30 చుట్లు తిరిగితే జాయింట్ అదురు 60 దగ్గర కనిపిస్తుంది. రెండో చివర జాయింట్ కూడా అంతే వంపులో, అదే వరసలో (రెండు చివర్ల ఫోర్కులూ ఒకే దిశలో) ఉంటే మొదటిది చేసిన హెచ్చుతగ్గులను ఇది సరిచేస్తుంది. సాధారణంగా వంపు 3 డిగ్రీల లోపు, రెండు చివర్ల తేడా 1 డిగ్రీ లోపు ఉండాలంటారు. షాఫ్టు విప్పి బిగించేటప్పుడు స్ప్లైన్ (షాఫ్టు రెండు ముక్కలు ఒకదానిలో ఒకటి దూరే పళ్ల భాగం) ఒక్క పన్ను పక్కకు పడినా ఈ వరస తప్పుతుంది, జాయింట్లు రెండూ కొత్తవే అయినా సరే. అందుకే విప్పే ముందు పెయింటుతో గుర్తు పెట్టుకోమని చెప్పేది.

ఆ వంపును మార్చే ఇంకో భాగాన్ని చాలామంది మర్చిపోతారు. ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగులకు బదులు గాలి సంచులు) ఉన్న ట్రక్కులో బండి ఎత్తును ఒక చిన్న లెవలింగ్ వాల్వు కాపాడుతుంది. అది చెడి బండి కాస్త పైకో కిందికో పోతే వెనక హౌసింగ్ (డిఫరెన్షియల్ ఉండే ఇరుసు పెట్టె) ముక్కు తిరిగి, జాయింట్ల లెక్కంతా మారిపోతుంది. లోడుతో బయల్దేరగానే నడుం కింద గడగడమని వణికి, కాస్త వేగం అందుకోగానే తగ్గిపోతుంటే నేనైతే ముందు టేపు పెట్టి ఎత్తు కొలవమంటాను, తర్వాతే షాఫ్టును మధ్యలో పట్టి ఉంచే సెంటర్ బేరింగ్ చూడమంటాను.

గతుకుల కుదుపు వేరే సంగతి, దాన్ని వీటితో కలపకూడదు. కమాన్ కట్టల (ఉక్కు పట్టీల స్ప్రింగుల) బండి ఖాళీగా ఎగిరెగిరి పడటానికి కారణం స్ప్రింగు గట్టిదనం అంతే ఉండి పైన బరువు తగ్గడం. స్ప్రింగు మీద బరువు నాలుగో వంతుకు పడితే ఊగే వేగం రెట్టింపవుతుంది. గాలి సంచుల్లో ఆ ఇబ్బంది తక్కువ. బరువు తగ్గితే లోపలి పీడనమూ తగ్గి, సంచి మెత్తబడి, ఊగడం సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్ల దగ్గరే ఉంటుంది. కాబట్టి గాలి సంచుల బండి కమాన్ కట్టల బండిలా కొడుతుంటే ఎత్తు తగ్గి సంచి లోపలి రబ్బరు దిమ్మకు తగులుతోందేమో చూడాలి. షాక్ అబ్జార్బర్లను కాసేపు నడిపి ఆగాక తాకి చూడొచ్చు, పనిచేసేది వెచ్చగా ఉంటుంది, చచ్చిపోయింది చల్లగా ఉంటుంది. వేడి బాగా ఎక్కి ఉంటుంది కాబట్టి చెయ్యి జాగ్రత్త.

ఒక్కోసారి బండి తప్పేమీ ఉండదు. అమెరికాలో సిమెంటు రోడ్ల పలకలు చాలాచోట్ల 15 అడుగులవి, మన సిమెంటు హైవేల్లోనూ సుమారు 4.5 మీటర్లే. 60 మైళ్ల వేగంలో అతుకులు సెకనుకు ఆరుసార్లు తగులుతాయి. కూర్చున్న మనిషి నడుము, పొట్ట ఎక్కువగా స్పందించేది సరిగ్గా సెకనుకు 4 నుంచి 8 సార్ల మధ్యనే, ఏళ్ల తరబడి నడిపిన డ్రైవర్లకు నడుం నొప్పి రావడంలో ఆశ్చర్యం లేదు. యూరప్‌లో ఒంటికి తగిలే అదురుకు 2002లోనే చట్టపరమైన పరిమితులు పెట్టారు. తారు రోడ్డెక్కగానే కుదుపు ఆగిపోతే పార్టులు మార్చకండి, సీటు సస్పెన్షన్‌ను మీ బరువుకు తగ్గట్టు సెట్ చేసుకోండి, క్యాబ్ వెనక ఉండే చిన్న గాలి సంచుల్లో గాలి ఉందో లేదో చూసుకోండి.