రీకాల్ అంటే కారు పోయినట్టు కాదు: కియా ఓనర్లతో ఒక మెకానిక్ మాట

2024 ఫిబ్రవరి చివర్లో ఒకరోజు పొద్దున షట్టర్ ఎత్తానో లేదో, ఫోన్ మొదలైంది. "అన్నా, సెల్టోస్‌లన్నీ వెనక్కి తీసుకుంటున్నారంట కదా, డబ్బులు తిరిగిస్తారా?" అది పెట్టేలోపు ఇంకొకరు. "సార్, బండి బయటికి తీయొచ్చా, ఇంట్లోనే పెట్టేయాలా?" మధ్యాహ్నం భోజనానికి లేచేసరికి పదహారు ఫోన్లు. అందులో తొమ్మిది డీజిల్ బళ్ళు, నాలుగు టర్బో డీసీటీలు (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్), మూడు మాన్యువల్ పెట్రోల్. ఆ రీకాల్‌తో సంబంధం ఉన్న కారు ఒక్కటంటే ఒక్కటి లేదు.

అసలు వార్త ఏంటంటే, 2023 ఫిబ్రవరి 28 నుంచి జూలై 13 మధ్య తయారైన 1.5 పెట్రోల్ ఐవీటీ (విడివిడి గేర్లు లేని ఒక రకం ఆటోమేటిక్) సెల్టోస్‌లు 4,358 ఉన్నాయి. వాటి గేర్‌బాక్స్‌లో ఉండే ఎలక్ట్రానిక్ ఆయిల్ పంప్ కంట్రోలర్‌లో లోపం ఉండే అవకాశం ఉంది కాబట్టి, తీసుకొస్తే పైసా తీసుకోకుండా మార్చి ఇస్తామని కంపెనీ చెప్పింది, రీకాల్ అంటే ఇదే. అంతే. ఇది వాట్సాప్‌లో మా ఊరు చేరేసరికి "సెల్టోస్ గేర్‌బాక్స్ ఫెయిల్, కంపెనీ చేతులెత్తేసింది" అయిపోయింది.

నేను ఎనిమిదేళ్ళు ఒక షోరూమ్‌లో సర్వీస్ అడ్వైజర్‌గా చేసి, తర్వాత అనంతపురంలో సొంత వర్క్‌షాప్ పెట్టుకున్నాను. అన్ని కంపెనీల బళ్ళూ చూస్తాను. రీకాల్ పని కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే జరగాలి కాబట్టి అందులో నాకు రూపాయి రాదు. అయినా ఇది రాస్తున్నాను, ఎందుకంటే చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది.

అపోహ: "రీకాల్ వచ్చిందంటే ఆ కారు చెత్త. ఎవరికీ తెలియకముందే అమ్మేయాలి."

జనం ఎక్కువ డబ్బులు పోగొట్టుకునేది దీనివల్లే. మా వీధి చివర ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టారు ఉన్నారు. 2021లో కొన్న డీజిల్ సెల్టోస్. నెలకోసారి తిరుపతికో, ఏడాదికి రెండుసార్లు కూతురి దగ్గరికి హైదరాబాద్‌కో తిప్పేవారు. బండి బంగారం. ఆయన కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. 2023 సెప్టెంబర్ చివర్లో ఆ అబ్బాయి ఒక వీడియో పంపాడు: "కియా కార్లు ఇంటి బయట పెట్టుకోండి, మంటలు వచ్చే ప్రమాదం ఉంది." పెద్దాయనకి ఆ రాత్రి నిద్ర లేదు. పక్కరోజు కారుని ఇంటి ముందు నుంచి తీసి ఎదురుగా ఖాళీ స్థలంలో పెట్టారు. వారం తిరక్కుండా తెలిసిన బ్రోకర్‌కి ఇచ్చేశారు, మార్కెట్ రేటు కంటే లక్షా నలభై వేలు తక్కువకి. నా దగ్గరికి వచ్చింది అమ్మేసిన తర్వాత. "ముందే నిన్ను అడగాల్సింది నాయనా" అన్నారు. ఏమనాలి?

ఆ వీడియోలో విషయం అబద్ధం కాదు. 2023 సెప్టెంబర్‌లో అమెరికాలో హ్యుందాయ్, కియా కలిపి సుమారు 33.7 లక్షల కార్లు రీకాల్ చేశాయి. గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ యూనిట్ లోపల బ్రేక్ ఆయిల్ లీకై, ఎలక్ట్రికల్ షార్ట్ అయ్యి మంట పుట్టే ప్రమాదం ఉందని, రిపేరు అయ్యేదాకా ఇంటికి దూరంగా ఆరుబయట పెట్టమని చెప్పారు. కాకపోతే అవి అక్కడ అమ్మిన పాత మోడళ్ళు. కియా మన దేశంలో మొదటి కారు అమ్మిందే 2019 ఆగస్టులో. మాస్టారి కారుకీ ఆ రీకాల్‌కీ ఉన్న చుట్టరికం ముందున్న లోగో ఒక్కటే.

ఇంజిన్ల సంగతీ అంతే. "కియా ఇంజిన్లు రోడ్డు మీదే పట్టేస్తాయంట" అని వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అది తీటా 2 అనే 2.0, 2.4 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ల కథ. క్రాంక్‌షాఫ్ట్‌ని మెషినింగ్ చేసినప్పుడు రాలిన లోహపు పొట్టు ఆయిల్ దారుల్లో మిగిలిపోయింది. అది ఆయిల్‌కి అడ్డం పడి, కనెక్టింగ్ రాడ్ బేరింగులు ఎండిపోయి, ఇంజిన్ సీజ్ అయ్యేది. 2015లో హ్యుందాయ్ సొనాటాతో మొదలైన రీకాల్ 2017కి కియా ఆప్టిమా, సొరెంటో, స్పోర్టేజ్‌ల దాకా పాకింది. ఆలస్యం చేశారని 2020లో అమెరికా రోడ్డు భద్రత సంస్థ రెండు కంపెనీలకీ కలిపి 21 కోట్ల డాలర్ల జరిమానా ఖరారు చేసింది. తప్పు తప్పే, వెనకేసుకురావడం లేదు. కానీ పెనుకొండలో తయారయ్యే సెల్టోస్, సోనెట్, కారెన్స్‌లలో ఆ ఇంజిన్ లేదు. 1.0 టర్బో, 1.2, 1.4 టర్బో, 1.5 పెట్రోళ్ళు, 1.5 డీజిల్, ఇవన్నీ వేరే కుటుంబాలు.

ఆ తీటా కథలో జనం వదిలేసిన ముక్క ఒకటుంది. కోర్టు సెటిల్‌మెంట్‌లో ఆ కార్ల ఇంజిన్ షార్ట్ బ్లాక్‌కి (ఇంజిన్ కింది అసలు భాగానికి) జీవితకాల వారంటీ ఇచ్చారు. దానికి ఒక షరతు: బేరింగు అరుగుతున్నప్పుడు వచ్చే చప్పుడుని ముందే పసిగట్టే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ రీకాల్‌లో చేయించుకుని ఉండాలి. అంటే రీకాల్‌కి వెళ్ళినవాడికి వారంటీ దక్కింది, పోస్టులో వచ్చిన కాగితాన్ని చెత్తబుట్టలో వేసినవాడు కూర్చుని తలపట్టుకున్నాడు. అమెరికాలో సెకండ్ హ్యాండ్ కొనుక్కునే మన పిల్లలకి ఇది గట్టిగా చెప్పండి. అక్కడి ప్రభుత్వ సైట్‌లో విన్ నంబర్ (మన ఛాసిస్ నంబర్ లాంటిదే) కొడితే పెండింగ్ రీకాల్ ఉందో లేదో నిమిషంలో తెలుస్తుంది.

మన దగ్గర కూడా 2021 ఏప్రిల్ నుంచి రీకాల్‌కి రూల్స్ ఉన్నాయి. ఏడేళ్ళ లోపు బళ్ళకి, ఫిర్యాదులు ఒక స్థాయి దాటితే ప్రభుత్వమే రీకాల్ చేయమని ఆదేశించొచ్చు, కోటి రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. కంపెనీలు తమంతట తామే చేసేవి అంతకుముందు నుంచీ ఉన్నాయి. 2022 అక్టోబర్‌లో 44,174 కారెన్స్‌లకి ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్ చెక్ చేయడానికి పిలిచారు. ఎయిర్‌బ్యాగ్! ఆ మెసేజ్ చూసి "మా బండి బాగానే ఉంది, ఎందుకు గెలకడం" అని వెళ్ళని మహానుభావుడు నాకు తెలుసు. ఎయిర్‌బ్యాగ్ బాగుందో లేదో రోజూ నడిపితే ఎలా తెలుస్తుంది సామీ, గుద్దుకున్న రోజే కదా తెలిసేది!

రీకాల్ బండి ఛాసిస్ నంబర్‌కి వస్తుంది, మీ పేరుకి కాదు. మూడో ఓనర్ అయినా, సర్వీసులన్నీ బయట చేయించినా, రీకాల్ పని ఉచితమే. చిక్కల్లా ఒక్కటే, మెసేజ్ మొదటి ఓనర్ ఫోన్‌కి పోతుంది. పోయినేడు ఒక కుర్రాడు సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కుని వచ్చాడు. కియా కాదు, ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. ఫ్యూయల్ పంప్ పోయింది. బయట మెకానిక్ పద్దెనిమిది వేలు తీసుకుని మార్చాడు. నేను ఛాసిస్ నంబర్ కొట్టి చూస్తే అదే పంప్‌కి రెండేళ్ళుగా రీకాల్ పెండింగ్‌లో ఉంది. వాడి ముఖం చూడలేకపోయాను. కారు కొనేముందు ఆర్‌సీ మీదున్న ఛాసిస్ నంబర్ పట్టుకుని కంపెనీ వెబ్‌సైట్‌లో చూడండి, లేదా సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేయండి. టీ తాగేలోపు అయిపోయే పని.

అపోహ: "ఆటోమేటిక్ అంటే అన్నీ ఒకటే."

ఆ రోజు పదహారు ఫోన్లకి సగం కారణం ఇదే. కియాలోనే డీసీటీ, ఐవీటీ, డీజిల్‌కి వచ్చే టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు ఆయిల్ ద్వారా శక్తి అందించే రకం) ఉన్నాయి. క్లచ్ పెడల్ లేకుండా గేర్లు మాత్రం మనమే మార్చే ఐఎంటీ ఇంకోటి. ఓనర్లు ఎక్కువగా తిట్టేది డీసీటీని: ట్రాఫిక్‌లో కుదుపు, అప్పుడప్పుడు స్పీడోమీటర్ ఉండే క్లస్టర్ మీద గేర్‌బాక్స్ వేడెక్కిందన్న హెచ్చరిక. అది లోపల రెండు డ్రై క్లచ్‌లున్న గేర్‌బాక్స్. తిరుమల ఘాట్‌లో ట్రాఫిక్ ఆగినప్పుడు బ్రేక్ తొక్కకుండా, యాక్సిలరేటర్‌తో బండిని వాలు మీద నిలబెడితే క్లచ్ కాలదా మరి? మాన్యువల్ బండిలో హాఫ్ క్లచ్ మీద పెట్టి నిలబెట్టడంతో సమానం అది. ఆగినప్పుడు బ్రేక్ తొక్కండి. ముందు బండి కదిలిన ప్రతిసారీ అడుగున్నర పాకకుండా, కాస్త జాగా వచ్చాక కదలండి. వార్నింగ్ వస్తే పక్కకి ఆపి చల్లారనివ్వండి. హైవేలో ఇదే గేర్‌బాక్స్ వెన్నలా ఉంటుంది, అది చెప్పేవాళ్ళు తక్కువ.

అపోహ: "డీజిల్ అయితే మైలేజీ, కళ్ళు మూసుకుని కొనొచ్చు."

రోజూ ఇంటి నుంచి స్కూలుకి మూడు కిలోమీటర్లు, మళ్ళీ మూడు కిలోమీటర్లు వెనక్కి, అంతేనా మీ తిరుగుడు? అయితే వద్దు. బీఎస్6 (కాలుష్య నియమాల) డీజిల్ పొగగొట్టంలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. మసి పట్టుకుని, బండి బాగా వేడెక్కినప్పుడు కాల్చేస్తుంది. చిన్న ట్రిప్పుల్లో ఆ వేడే రాదు. డీపీఎఫ్ లైట్ వెలిగితే ఇంజిన్ పోయిందని టెన్షన్ పడొద్దు, హైవే ఎక్కి ఓ ఇరవై నిమిషాలు ఒకే స్పీడ్‌లో నడపండి. చాలాసార్లు ఆరిపోతుంది. అయినా ఆరకపోతే, లేదా ఇంకో లైట్ కూడా తోడైతే అప్పుడు సర్వీస్ సెంటర్. డీపీఎఫ్ పీకేయిస్తామనే వాళ్ళ జోలికి మాత్రం పోవద్దు.

ఇక మిగతావి చకచకా.

"కియా చైనా కంపెనీ." కాదు, కొరియా. 2021లో లోగో మార్చాక, అక్షరాలు కేఎన్‌లా కనిపించి "కేఎన్ కారు" అని వెతికేవాళ్ళూ తయారయ్యారు. అది కూడా కియానే.

"నిన్న మొన్న పుట్టిన కంపెనీ." 1944లో పుట్టింది. మొదట స్టీల్ ట్యూబులు, సైకిల్ భాగాలు. 1952లో కొరియాలో తయారైన తొలి సైకిల్ వాళ్ళదే, పేరు సామ్‌చుల్లీ. 1962లో మాజ్డా లైసెన్స్‌తో మూడు చక్రాల ట్రక్, 1974లో బ్రిసా కారు. 1981లో అక్కడి సైనిక ప్రభుత్వం ఎవరు ఏ బండి చేయాలో పంచిపెట్టి, కియాని కార్లు ఆపమంది. బోంగో అనే వ్యాను అమ్ముకుని బతికిన కంపెనీ అది. ఆ పేరే కొరియాలో చిన్న వ్యాన్లకి మారుపేరు అయిపోయింది, మనం జిరాక్స్ అన్నట్టు. సైకిల్ షాపు నుంచి మొదలైన నాలాంటివాడికి ఈ ముక్క మాత్రం భలే నచ్చుతుంది. మా నాన్నది సైకిల్ రిపేర్ షాపే.

"కియా, హ్యుందాయ్ ఒకటే, స్టిక్కర్ తేడా." సగం నిజం. 1997 ఆర్థిక సంక్షోభంలో కియా దివాలా తీస్తే, 1998లో ఫోర్డ్‌తో పోటీపడి హ్యుందాయ్ దక్కించుకుంది. ఇప్పుడు హ్యుందాయ్ వాటా మూడో వంతు. ఇంజిన్లు, గేర్‌బాక్సులు, ప్లాట్‌ఫారాలు పంచుకుంటారు. డిజైన్, సస్పెన్షన్ సెట్టింగ్, షోరూమ్, వారంటీ వేరు వేరు. హ్యుందాయ్ క్రెటా నుంచి మారినవాళ్ళు సెల్టోస్ గుంతల్లో కాస్త గట్టిగా ఉందంటారు, నిజమే. 2006లో, ఆడి కార్లు డిజైన్ చేసి పేరు తెచ్చుకున్న పీటర్ ష్రేయర్‌ని తెచ్చుకున్నాక కియా ముఖమే మారిపోయింది. నా దగ్గరికొచ్చే ఓనర్లలో సగం మంది కారు కొన్నది చూపు కోసమే. చల్లగాలి సీట్లు, సన్‌రూఫ్, పెద్ద స్క్రీన్ గురించి పది నిమిషాలు చెబుతారు, టైర్ ప్రెషర్ అడిగితే నీళ్ళు నములుతారు.

"కియాలకి సేఫ్టీ లేదు." మోడల్‌ని బట్టి. సెల్టోస్‌కి 2020 గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో (కారుని గుద్దించి భద్రత చూసే పరీక్ష) వచ్చింది మూడు స్టార్లే, అది గొప్ప మార్కు కాదు. కియాదే ఇంకో మోడల్ సైరోస్‌కి 2025లో మన దేశపు పరీక్ష భారత్ ఎన్‌క్యాప్‌లో ఐదు వచ్చాయి. మీరు కొనే మోడల్ ఏదో దాన్నే చూడండి.

"పెనుకొండ ఫ్యాక్టరీ తమిళనాడుకి పోతోంది." 2020 ఫిబ్రవరిలో లేచిన వార్త. కంపెనీ, ప్రభుత్వం రెండూ కాదన్నాయి. 2023 జూలైలో అక్కడి నుంచి పది లక్షలవ కారు బయటికొచ్చింది. బెంగళూరు హైవేలో పోతూ కిటికీ దించితే కనిపించే ఫ్యాక్టరీ గురించి కూడా వాట్సాప్‌నే నమ్ముతామంటే నేనేం చేసేది?

మాస్టారి సెల్టోస్ సంగతి చెప్పి ఆపేస్తాను. దాన్ని బ్రోకర్ దగ్గర కొన్నది గుత్తి రోడ్డులో మెడికల్ షాపు ఆయన. సర్వీస్‌కి నా దగ్గరికే తెస్తాడు. మొన్న వచ్చినప్పుడు ఓడోమీటర్ 71 వేలు దాటింది. మాస్టారు పాల ప్యాకెట్ కోసం వెళ్తూ ఆగి, తన పాత కారు చుట్టూ ఒకసారి తిరిగి, "ఏమన్నా కంప్లైంట్ ఉందా?" అని మెల్లగా అడిగారు.

"ముందు బ్రేక్ ప్యాడ్లు అరిగాయి సార్. అంతే."